తొరానో వైపు తిరిగిన శంఖం

అద్రాస్తో శంఖం ఊదితే చలువరాయి కొండ కింద కర్రారా ఊళ్ళో మేయరుగారి కళ్ళజోడు పగిలిందని చెప్పుకుంటారు. ఒక అద్దమే పగిలిందని మేయరు మనుషులు, రెండూ పగిలాయని ఆయనకు ఓటు వెయ్యనివాళ్ళు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉంటారు. మఠంలో ఒక సిస్టరమ్మకు చిన్నప్పటినుంచీ వినపడని చెవి ఆ దెబ్బకు తెరుచుకుందట. తెరుచుకున్న చెవిలో మొట్టమొదట పడినవి క్వారీ పనివాళ్ళ బూతులు కావడంతో, దయచేసి మళ్ళీ మూసెయ్యమని ప్రభువును వేడుకుందట. ప్రభువు ఆలకించలేదు. అందులోనూ ఆయనకు ఏదో సరదా ఉండి ఉంటుంది.

అద్రాస్తో చూస్తే పొట్టి. మెడ లేదు. ఛాతీ మాత్రం ద్రాక్షసారా పీపాలా ఉండేది. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఉలి పట్టిన రోజుల్లో ఒక దిమ్మె కింద పడి నలిగిపోయాయి. "నా రెండు వేళ్ళూ ఇప్పుడు ఏ రాజుగారి మెట్ల కింద ఉన్నాయో ఏమో. ఆయన ఎక్కినప్పుడల్లా నాకిక్కడ దురద పెడుతుంది" అని లేని వేళ్ళను గోక్కునేవాడు.

శంఖం అతనికి మేనమామ నుంచి వచ్చింది. మామూలుగా రాలేదు. కొండ పేల్చే మందు అంటించారని మేనమామ హెచ్చరిక ఊదుతుంటే, ఆఖరి ఊదు పూర్తికాకముందే కొండ పేలింది. చేటంత రాతిపలక ఒకటి తిరుగుతూ వచ్చి ఆయన కింది దవడను పట్టుకుపోయింది. అద్రాస్తో పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, శంఖం చేతిలోనే ఉంది, ఊదటానికి నోరు వెతుక్కుంటున్నాడు. తరవాత కూలిపోయాడు. అద్రాస్తో ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, శంఖంలోంచి నెత్తురు ఒంపి, మేనమామ చావును తానే ఊదాడు. ఎవరూ అతన్ని నియమించలేదు. ఆ రోజునుంచి శంఖం అతనిదైంది. భార్య ఇసోలీనా దాన్ని ఎన్నిసార్లు ద్రాక్షసారాతో కడిగినా, ఉక్కపోసిన రోజుల్లో నెత్తురు వాసన వస్తోందని ముక్కు మూసుకునేది.

మూడు పొట్టి ఊదులు ఊదితే మందు పేలబోతోందని అర్థం. పని వదిలి పరుగెత్తి దాక్కోవాలి. ఒక్కటే పొడవాటి ఊదు ఊదితే ఎవరో పోయారని అర్థం. అది వినపడగానే లోయలోని క్వారీలన్నిటిలో సుత్తులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఏ యజమాని క్వారీ అయినా సరే, ఎవరి అనుమతీ అడగకుండా మనుషులు చొక్కాలు భుజాన వేసుకుని బాటమీదికి వచ్చి కొండ దిగిపోయేవారు. పోయినవాడిని పూడ్చేదాకా ఎవరూ మళ్ళీ ఎక్కేవారు కాదు.

చావు ఊదేటప్పుడు ఇంకొక పద్ధతి ఉంది. పోయినవాడిది ఏ ఊరైతే శంఖాన్ని ఆ ఊరివైపు తిప్పాలి. పేరు ఉండదు, దిక్కు మాత్రమే ఉంటుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా పొయ్యిమీది గిన్నె పొయ్యిమీదే వదిలి వచ్చి గుమ్మాల్లో నిలబడేవారు. కొండ దిగివచ్చిన మనుషుల్లో ఎవరి మనిషిని వాళ్ళు చూసుకుని, ఒక్కమాట మాట్లాడకుండా లోపలికి వెళ్ళేవారు. చివరికి ఒక్క ఆడది మిగిలేది. ఊరంతా వెనక్కి తిరిగి, నడుచుకుంటూ ఆ గుమ్మానికి వెళ్ళేది. అప్పటిదాకా ఊళ్ళో ప్రతి ఆడదీ సమానంగా విధవే.

ఆ కొండ మీద దేవుణ్ణి నమ్మేవాళ్ళు తక్కువ. ప్రభుత్వాన్నీ, ఫాదరీనీ, యజమానినీ ముగ్గుర్నీ ఒకే గాటన కట్టి తిట్టేవారు. తిరుగుబాటు అనే అర్థం వచ్చేలా పిల్లలకు పేర్లు పెట్టుకునేవారు. ఇసోలీనా తమ్ముడి పేరు అలాంటిదే, రిబెల్లో. గుడి గంట మోగితే ఎవరూ తల తిప్పేవారు కాదు. శంఖం మోగితే మాత్రం ముందు పరుగెత్తేవారు, తరవాత తల ఎత్తి చూసేవారు.

అలాంటి చోటికి కొత్త మేనేజరు వచ్చాడు. బెల్జియం మనిషి, పేరు వాన్ హూవెల్. వెదురుగడలా పొడుగు. రొట్టె తిన్నాక బల్లమీది పొడిని కూడా వేలితో అద్దుకుని తినేవాడు. అది చూసి, వీడు లేమిలోంచి పైకొచ్చినవాడేనని పనివాళ్ళు కాస్త ఇష్టపడ్డారు. వచ్చిన వారానికే అద్రాస్తోను పిలిపించాడు.

"ఆ శంఖం నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చదు దొరా. చాలా బరువు."

"నవ్వులాట కాదు. మందు పేలుతుందని ఊదు, వద్దనను. చావు మాత్రం ఊదొద్దు. ముందు నాకు చెప్పు. డాక్టర్ని వెంటబెట్టుకుని నేనే ఆ ఇంటికి వెళ్తాను. తలుపు వేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, మెల్లగా చెప్తాను."

"తలుపు వేసా? చావు కబురు తలుపు వేసి చెప్తారా, దొంగసొత్తు పంచుకుంటున్నట్టు?"

"మరి ఊరంతా వినేలా బాకా ఊదుతారా, గాడిద తప్పిపోయినట్టు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఎదుటివాడు మర్యాద తెలియనివాడిలాగే కనిపించాడు.

"మా దేశంలో బొగ్గుగనులకు సైరన్ ఉండేది" అన్నాడు వాన్ హూవెల్, కిటికీ వైపు తిరిగి. "అది మోగితే ఊళ్ళో ఆడవాళ్ళంతా గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మా అమ్మ నా మణికట్టు పట్టుకుని మంచులో నిలబడింది. ఎవరూ పేరు చెప్పలేదు. రెండు రోజులు ఆ సైరన్ మా నాన్న కోసం కాదని నమ్మింది. నాన్న చావు ఆవిణ్ణి చంపలేదు. ఆ రెండు రోజులే చంపాయి."

అద్రాస్తో టోపీ తీశాడు. "కానీ ఒంటరిగా నిలబడలేదుగా దొరా."

మేనేజరు బల్లమీది బ్రస్సెల్స్ పత్రిక తీసి చూపించాడు. మనుషుల్ని తినే కొండ అని మన గురించి రాశారు చూడు, ఆ రాయితో మెట్లు కట్టించుకోవడానికి పెద్దమనుషులు వెనకాడుతున్నారు, రాయి అమ్ముడుపోకపోతే మీరు తినేదేమిటి అన్నాడు.

ఇంటికొచ్చి అద్రాస్తో ఇదంతా చెబితే, ఇసోలీనా ఉల్లిపాయ తరగడం ఆపకుండానే వింది.

"పిచ్చోడేం కాదు. దుఃఖం తలకెక్కినవాడు. అలాంటివాడి కింద పని చెయ్యడం కంటే పిచ్చోడే నయం" అంది.

ఆకులు రాలేకాలంలో తొరానో ఊరికి చెందిన తుల్లియో కాళ్ళమీదికి దిమ్మె దొర్లింది. కొయ్యచీల జారింది, అంతే. తుంటి కిందుగా ఏమీ మిగల్లేదు. ఎముక ఎక్కడ అయిపోయి తెల్లరాయి ఎక్కడ మొదలైందో కనిపించలేదు. గునపాలతో దిమ్మె లేపి లాగినప్పుడు అతను అరవలేదు, తన టోపీ ఎక్కడని అడిగాడు. టోపీ ఇస్తే పెట్టుకున్నాడు.

అద్రాస్తో తాను శంఖం ఊదే రాతిమీదికి ఎక్కేసరికి వాన్ హూవెల్ రొప్పుతూ వచ్చాడు. "ఆగు. బతికే ఉన్నాడు. బండిలో ఆస్పత్రికి పంపిస్తున్నా. బతుకుతాడంటున్నాడు డాక్టరు."

బతికున్నవాడికి చావు ఊదటం అంటే చంపడమే. ఏ శంఖం మనిషీ ఆ పని చెయ్యడు. అద్రాస్తో శంఖాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి మలుపులు తిరుగుతూ దిగిపోయింది. వంతెన చేరకముందే తుల్లియో పోయాడు. వాన్ హూవెల్ తానన్నట్టే తొరానో వెళ్ళి, తలుపు వేసి, అతని తల్లి జైరాకు మెల్లగా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడని కూడా అంటారు. కానీ పైకి కబురు పంపలేదు. చచ్చింది బాటమీద, క్వారీలో కాదు, కాబట్టి పని ఆగాల్సిన అవసరం లేదని అతని లెక్క.

మర్నాడు తుల్లియో ఇంట్లో శవమై ఉండగా, అతను ఆస్పత్రిలో బతికే ఉన్నాడనుకుని తోటివాళ్ళు పాడుకుంటూ కొండెక్కారు. ఆ నెత్తురు మరక పక్కనే సుత్తులు కొట్టారు. రొట్టెలమ్మే ఆవిడ మధ్యాహ్నం వచ్చి, "ఏరా, మీకు సిగ్గులేదా? జైరా కొడుకు బల్లమీద పడుకుని ఉంటే పాటలా?" అన్నప్పుడు గానీ తెలియలేదు. అలాంటిది ఆ కొండమీద ఎన్నడూ జరగలేదు.

అద్రాస్తో శంఖం అందుకున్నాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. "ఇప్పుడా? ఇప్పుడు ఊదితే ఇంకెవరో పోయారనుకుని ఊరంతా అదిరిపోదూ?" అన్నాడు. అదీ నిజమే. అద్రాస్తో శంఖం దించేశాడు. దించిన చేతిని చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారు.

కొడుకును పూడ్చిన మర్నాడు జైరా కొండెక్కి కొలొన్నాత ఊళ్ళో అద్రాస్తో ఇంటికి వచ్చింది. అద్రాస్తో రొట్టెలో పందికొవ్వు ముక్కలు పెట్టుకుని తింటున్నాడు. ఆవిడ బట్టలుతికే మనిషి. చేతులు మగవాడి చేతుల్లా ఉండేవి.

"ఏదీ ఆ శంఖం ఇటివ్వు" అంది.

ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, లోపలికి చూసి, అందులో ఉమ్మేసింది.

"నా ఉమ్మైనా ఉంటుందిలే ఇందులో. నిజం ఎలాగూ లేదు. ఆ రాత్రంతా నా గుమ్మంలోకి ఒక్క మనిషి రాలేదురా అద్రాస్తో. పీనుగుతో నేనొక్కదాన్నే కూర్చున్నా, దొంగతనం చేసినదానిలా తలుపేసుకుని."

తరవాత సారాకొట్టులో అద్రాస్తో కూర్చున్న బల్లమీద, అతనితో తాగేది లేదన్నట్టు, గ్లాసులు బోర్లించడం మొదలుపెట్టారు. రిబెల్లో అయితే వంగి వంగి దణ్ణాలు పెట్టేవాడు.

"బెల్జియం బిస్కెట్లు ఎలా ఉన్నాయి బావా? మెత్తగా ఉంటాయటగా. పళ్ళు లేకపోయినా తినొచ్చట."

"నోరు ముయ్యి రిబెల్లో."

"అయ్యో, నోరు మూసుకోవడం నువ్వు నేర్చిన విద్య కదా బావా. మాకెక్కడిది?"

అవమానాన్ని అద్రాస్తో మింగేవాడు. అతన్ని తొలిచింది వేరే. పొట్టి ఊదులు ఊదినప్పుడు మనుషులు ఇప్పుడు ముందు తల ఎత్తుతున్నారు. నిజమేనా అని చూసి, ఆ తరవాత పరుగెత్తుతున్నారు. అలా తల ఎత్తిన ఒకడి నుదుట ఒక పెచ్చు దిగబడి, కన్ను బయటికొచ్చి చెంపమీద వేలాడింది. ఆ రాత్రి అద్రాస్తో ఇసోలీనాతో అన్నాడు. "ఇంకొక్కసారి ఇది నమ్మకం పోగొట్టుకుంటే, ఒక కన్నుతో పోదే. శంఖం బతకాలి. నేనేమైపోయినా పర్లేదు."

వసంతంలో బ్రస్సెల్స్ నుంచి కొనుగోలుదార్లు వచ్చారు. పెద్ద న్యాయస్థానం మెట్లకు రాయి కావాలి. ఎదుటి మిట్టమీద తెల్లదుప్పటి పరిచిన బల్ల, దొరసానుల గొడుగులు, చల్లని సారా. వాళ్ళకు రెండు వింతలు చూపించాలని వాన్ హూవెల్ ఏర్పాటు చేశాడు. మొదటిది, పాలమీగడలాంటి పెద్ద దిమ్మె ఒకటి సబ్బు పూసిన దుంగలమీద మూడు మోకులు వెనక్కి పట్టి ఆపుతుండగా జారుడుబాట దిగిరావడం. రెండోది, భోజనాలయ్యాక కొండముఖం మొత్తం మందుతో పేల్చి కూల్చడం. ఆ కొండముఖం కిందుగానే బాట పోతుంది. భోజనాల తరవాతే మందు అని అందరికీ చెప్పారు.

అంతలో సముద్రం వైపునుంచి మబ్బు లేచింది. మబ్బు కమ్మితే పేలుడు కనపడదు. వాన్ హూవెల్ మందు మనిషికి కబురు పంపాడు, ఇప్పుడే అంటించెయ్యమని. దిమ్మె దించుతున్నవాళ్ళకు ఆ మాట చెప్పలేదు. ఎర్రగుడ్డ చూసి అద్రాస్తో ఎలాగూ ఊదుతాడు కదా అనుకున్నాడు.

అద్రాస్తో నిలబడే రాతిమీదినుంచి తప్ప కొండకొన కనపడదు. అక్కడ మందు అంటించామన్న గుర్తుగా ఎర్రగుడ్డ లేచింది. వత్తి అంటుకుంది. అది రాతిలోపలికి వెళ్ళాక ఇక ఎవరూ ఆపలేరు. అద్రాస్తో గుండెలనిండా గాలి పీల్చి శంఖం పెదాలకు ఆనించాడు.

వెనక తుపాకీ పేలినట్టు మోకు తెగింది.

తెగిన మోకు గాలిలో పాములా లేచి దిమ్మె ముందున్న నెల్లో మీద పడింది. నెల్లోది బెదిజ్జానో ఊరు. దిమ్మెకు ముందు నడుస్తూ, వెనక వదిలిన దుంగలు తెచ్చి ముందు పరిచే పని అతనిది. మోకు అతన్ని నడుం దగ్గర చుట్టి విసిరింది. పైసగం దుంగలమీద బోర్లా పడింది. కాళ్ళు ఇంకా కాసేపు బాటమీద తన్నుకున్నాయి. మిగిలిన రెండు మోకులు కిర్రుమని బిగిసి, దిమ్మె వాలులో ఆగింది. మోకులు వదిలేవాళ్ళు వాటిని గుంజకు కట్టేసి నెల్లో దగ్గరికి పరుగెత్తారు.

ఆ జట్టుకు మేస్త్రీ రిబెల్లో. నెల్లో నెత్తురు మోచేతులదాకా పూసుకుని రాతిమీదికి ఎక్కాడు.

"ఊదు బావా. నెల్లో పోయాడు. బెదిజ్జానో వైపు తిరిగి ఊదు."

"ఆగు. మందు అంటించారు. ముందు పొట్టి ఊదులు."

"మందు భోజనాల తరవాత."

"ఎర్రగుడ్డ లేచిందిరా! ఇప్పుడు చావు ఊదితే అందరూ బాటమీదికొస్తారు. కొండ వాళ్ళ నెత్తిన పడుతుంది."

"నీ శంఖం మోగకుండా ఈ కొండమీద వత్తి ఎప్పుడంటించారు?" రిబెల్లో మిట్టవైపు చెయ్యి చూపించాడు. "దొరసానులు చూస్తున్నారు. అదీ సంగతి. తుల్లియో అప్పుడూ ఆగమన్నావు. బతికున్నాడన్నావు. ఇప్పుడు మందంటున్నావు. ఎన్ని కథలు చెప్తావు బావా? నెల్లో రెండు ముక్కలయ్యాడు, రా, బతికున్నాడేమో చూద్దువుగాని!"

అద్రాస్తో శంఖం ఎత్తాడు. రిబెల్లో పిడికిలి శంఖాన్నీ నోటినీ కలిపి గుద్దింది. శంఖం అంచు పై పెదవిని ముక్కుదాకా చీల్చింది. పళ్ళు గొంతులోకి జారాయి. రెండోసారి గుద్దాడు, మూడోసారి తల పట్టుకుని రాతికేసి కొట్టాడు. అద్రాస్తో అతని చెవి కొరికాడు, లేని పళ్ళతో కొరికితే ఏమవుతుంది? నెత్తురు మాత్రం ఇద్దరి మొహాలకూ సమానంగా అంటుకుంది. శంఖం రిబెల్లో చేతికి పోయింది.

అతను ఎటూ తిరగకుండా, ఉన్నచోటునే ఊదాడు. మొరటుగా, ఆవు ఈనుతున్నట్టు వచ్చింది. పొడవుగా మాత్రం వచ్చింది.

లోయలో సుత్తులు ఆగిపోయాయి.

ఇన్నాళ్ళూ అనుమానంగా తలలెత్తినవాళ్ళు దీన్ని మాత్రం నమ్మారు. ప్రమాదం గురించి అబద్ధం చెప్పవచ్చు, చావు గురించి ఎవడు చెప్తాడు? మూడు క్వారీల మనుషులు చొక్కాలు భుజాన వేసుకుని బాటమీదికొచ్చారు. మలుపు తిరిగారు. ఇంకో మలుపు తిరిగితే జారుడుబాట చివర, దాన్ని దాటితే కొండముఖం కింద.

అద్రాస్తో లేచి శంఖం లాక్కుని ఊదాడు. పెదాలు కలవలేదు. నెత్తురు బుడగలు వచ్చాయి, అంతే. అరిచాడు. నోట్లోంచి మాట రాలేదు, ముక్కలొచ్చాయి. కింద వాళ్ళు టోపీలు తీసి, తలలు వంచుకుని నడుస్తూనే ఉన్నారు.

అతను శంఖాన్ని రిబెల్లో ఒళ్ళో పడేసి జారుడుబాటవైపు పరుగెత్తాడు. దుంగలో గుచ్చి ఉన్న గొడ్డలి పీకాడు. గుంజ దగ్గర బిగిసి వణుకుతున్న మోకులు రెండున్నాయి. ఆ దిమ్మెలో న్యాయస్థానం మెట్లున్నాయి, మేనేజరు పరువుంది, కొండమీద అందరి ఏడాది కూడుంది. మొదటి మోకు మీద గొడ్డలి వేశాడు. తెగిన కొస వెనక్కి కొట్టి అతని భుజం తోలు ఒలిచేసింది. రెండోది వేశాడు.

దిమ్మె ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది. తరవాత కదిలింది. దుంగలు పొగలు కక్కాయి, మాడిన సబ్బు వాసన కొట్టింది. సగం దారిలో అది నేల వదిలేసి, గాలిలో ఒక చుట్టు చుట్టి, బాటమీద నడుస్తున్నవాళ్ళ ముందు పడి బద్దలైంది. తెల్లటి పెచ్చులు కత్తుల్లా ఎగిరాయి. నూనె అమ్మేవాడి కంచరగాడిద మెడ తెగి నిలబడ్డచోటే చచ్చింది. ముసలి ఉల్తిమో మోకాలు చితికింది. మిగిలినవాళ్ళు అమ్మనాబూతులు తిడుతూ వెనక్కి పరుగెత్తి, గోడల వెనక, గుడిసెల్లో, ఒకరిమీద ఒకరు పడ్డారు.

అప్పుడు కొండ పేలింది.

ముందు చప్పుడు లేదు. కొండ ఊపిరి లోపలికి పీల్చుకుంది. కొండముఖం నడుం దగ్గర విరిగి, నిలువునా నిలబడే కిందికి దిగి, బాటమీదికొచ్చాక కుప్పకూలింది. చప్పుడు ఆ తరవాత వచ్చి అందరినీ నేలకేసి కొట్టింది. ఆకాశంలోంచి రాళ్ళు పడ్డాయి. ఎదుటి మిట్టమీద ఒక దొరసాని గొడుగు జల్లెడైంది. వేయించిన కోడి ఉండాల్సిన పళ్ళెంలో చలువరాయి ముక్క ఒకటి పొగలు కక్కుతూ కూర్చుంది.

దుమ్ము తగ్గేసరికి బాట లేదు.

గుడిసెల్లోంచి మనుషులు పిండిలో దొర్లినట్టు తెల్లగా బయటికొచ్చారు. బాట ఉండాల్సిన చోటు చూశారు. ఎవరూ తిట్టలేదు. రిబెల్లో రాతిమీదే మోకాళ్ళమీద ఉన్నాడు. శంఖం చేతిలో పట్టుకుని, అదేమిటో తెలియనట్టు చూస్తున్నాడు.

"బావా... నేను..." అన్నాడు.

వాన్ హూవెల్ పరుగెత్తుకొచ్చాడు. టోపీ లేదు. పగిలిన దిమ్మెను చూశాడు, నెల్లోను చూశాడు, ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు చూపు నడిపించుకుంటూ. మందు ముందే అంటించమన్నది ఎవరో అతనికి తెలుసు. ఊదొద్దనీ అనలేదు, ఊదమనీ అనలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

అద్రాస్తో నోటికి చొక్కా అడ్డం పెట్టుకుని రాతిమీదికి ఎక్కాడు. రిబెల్లోను చంకల కింద పట్టి లేపాడు. శంఖాన్ని అతని పెదాలకు ఆనించి, భుజాలు పట్టి బెదిజ్జానో వైపు తిప్పాడు.

రిబెల్లో ఏడుస్తూ ఊదాడు. ఈసారి సరిగ్గా వచ్చింది.

ఊదడం అయ్యాక భుజాలు విడిపించుకోబోయాడు. అద్రాస్తో వదల్లేదు. అతన్ని మెల్లగా ఇంకోవైపు తిప్పాడు.

"అది తొరానో కదా బావా. తొరానోలో ఎవరు పోయారు?"

చీలిన నోటితో ఆ పేరు పలకడానికి అద్రాస్తోకు చాలాసేపు పట్టింది. "తుల్లియో."

"అది ఎప్పుడో..."

"ఊదు."

ఆ తరవాత అద్రాస్తో మళ్ళీ ఎన్నడూ శంఖం ఊదలేదు. పెదవి వంకరగా అతుక్కుంది. మాట్లాడితే ఈల వచ్చేది, ఆ ఈలకు మూడిళ్ళ అవతల కుక్కలు లేచి వచ్చేవి. కంపెనీవాళ్ళు పనిలోంచి తీసేశారు. అయినా రోజూ కొండెక్కేవాడు. రిబెల్లో ఊదేవాడు, అద్రాస్తో పక్కన నిలబడి భుజాలు పట్టి తిప్పేవాడు. ఉల్తిమో కుంటుకుంటూ సారాకొట్టుకు వచ్చినప్పుడల్లా అతన్ని కసితీరా తిట్టి, అతని గ్లాసు తానే నిలబెట్టి, నింపేవాడు. అదంతా తరవాతి మాట.

ఆ సాయంత్రం తొరానోలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. మగవాళ్ళు రాళ్ళ కుప్పలు ఎక్కి దిగి, తెల్లటి దయ్యాల్లా ఊళ్ళోకొచ్చారు. ఎవరి మనిషిని వాళ్ళు చూసుకున్నారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. అందరి మనుషులూ వచ్చేశారు. అయినా ఒక్కావిడ మిగిలింది. నల్లబట్టల్లో, తన గుమ్మంలో, మగవాడి చేతుల్లాంటి ఆ చేతులు కట్టుకుని.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. లోపలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికొచ్చారు. ఊరంతా జైరా ఇంటివైపు నడిచింది.

అందరికంటే వెనక వాన్ హూవెల్ నడుస్తున్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ తరమలేదు. అందరూ లోపలికి వెళ్ళాక అతనొక్కడే గుమ్మం బయట మిగిలిపోయాడు. జైరా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"రా. అంతా కూర్చున్నారు" అంది. "తలుపు మాత్రం వెయ్యకు."